అద్దాలు తీసి లోపలికి రండి

1998 సెప్టెంబరు ఆఖరి వారంలో నన్ను విశాఖపట్నం నుంచి అరకులోయ కంటి ఆపరేషన్ల శిబిరానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను కంటి వార్డులో హెడ్ నర్సుని. డిప్యుటేషన్ అంటే తెలియనివాళ్ళకి చెబుతాను: జీతం ఒకచోట, చాకిరీ ఇంకోచోట, తిట్లు రెండుచోట్లా. నేను పాచిపెంటలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నగారు మిషన్ బడిలో మేష్టారు. ఏజెన్సీ మాట నాకు వచ్చు కాబట్టి కొండ మీద ఏ క్యాంపు పడినా ముందు నా పేరే రాసేసేవారు. అదొక గౌరవమని మా సూపరింటెండెంటు గారు నాకు చాలాసార్లు చెప్పారు.

శుక్లాల ఆపరేషన్ల క్యాంపు వానల్లో పెట్టకూడదు. ఉతికిన గుడ్డ ఆరదు, గోడలు చెమ్మ పడతాయి, ఈగలు, బురద. ఈ సంగతి మా వార్డులో నేల తుడిచే అప్పలస్వామికి కూడా తెలుసు. కానీ మనకి వానలు ఎప్పుడు వెలుస్తాయన్నది కాదు, ముఖ్య అతిథికి ఎప్పుడు ఖాళీ అన్నది ముఖ్యం. ముఖ్య అతిథి ఒక చైర్మన్ గారు. ఏ సంఘానికి చైర్మనో నాకు చివరిదాకా అర్థం కాలేదు. అడిగినవాళ్ళందరూ ఒక్కొక్క పేరు చెప్పారు. క్యాంపు ఖర్చులు చూసుకుంటున్న కామేశ్వరరావు గారు మాత్రం ఆయన పేరు ఎత్తినప్పుడల్లా భుజం మీద కండువా సర్దుకునేవారు.

మాకిచ్చిన చోటు ఒక ఆశ్రమ పాఠశాల హాస్టలు. పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు, మంచాలు వేశారు, బాగానే ఉంది అనుకున్నాం. మర్నాడు పొద్దున్న సంతలోకి వెళ్ళి చూస్తే సంతంతా నల్లద్దాలు. కోళ్ళు అమ్మేవాడికి నల్లద్దాలు. పసుపు కొమ్ములు పోసుకు కూర్చున్న ముసలమ్మకి నల్లద్దాలు. ఘాట్ రోడ్డు మీద ఆ పొగమంచులో బస్సు నడుపుకొచ్చిన డ్రైవరుకి కూడా నల్లద్దాలే. అది చూసి నాకు రోగం కంటే బస్సంటే ఎక్కువ భయం వేసింది.

కళ్ళకలక వచ్చిపడింది. హాస్టలు పిల్లల్లో మొదలైందట. వాళ్ళని ఇళ్ళకి పంపేసరికి ఊరూరా పంచిపెట్టినట్టయింది. జనం నమ్మకం ఏమిటంటే, కళ్ళకలక ఉన్నవాడి కళ్ళలోకి చూస్తే మనకి వచ్చేస్తుందని. అందుకని రోగం ఉన్నవాడూ అద్దాలు పెట్టుకుంటాడు, లేనివాడూ పెట్టుకుంటాడు. ఎవరికి ఉందో ఎవరికి లేదో దేవుడికే తెలియాలి. అసలు సంగతి వేరు. కళ్ళకలక చూపుతో రాదు. వేలితో వస్తుంది, తువ్వాలుతో వస్తుంది, అందరి కళ్ళలోనూ ఒకే సీసాతో మందు వేస్తే ఆ సీసా మూతితో వస్తుంది. అన్నిటికంటే ముందు మా కంటివాళ్ళ బొటనవేలితో వస్తుంది. కంటి పరీక్షకి రెప్ప ఎత్తాలి కదా? డాక్టరుగానీ నర్సుగానీ బొటనవేలితోనే ఎత్తుతారు. ఒక మనిషి రెప్ప ఎత్తి, అదే వేలితో పక్కవాడి రెప్ప ఎత్తితే ఇక ఏ సంతా అక్కర్లేదు.

మామూలుగా కళ్ళకలక వస్తే నాలుగు రోజులు నీళ్ళు కారి, ఊసి కట్టి, తగ్గిపోతుంది. కానీ అప్పుడే శుక్లం తీసిన కంటికి వస్తే కథ వేరు. ఆ రోజుల్లో కంటిని సగం చుట్టూ కోసి, శుక్లం తీసి, వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టేవారు. ఆ కోత మానేదాకా కన్ను తలుపు తీసిన ఇల్లే. చీము లోపలికి దిగిందంటే ఏ మందూ పనిచేయదు.

మా సర్జను డాక్టర్ మూర్తి గారు. చెయ్యి బంగారం. మాట మాత్రం ఎవరైనా కొంచెం గట్టిగా మాట్లాడితే గొంతులోనే ఉండిపోయేది. ఆయన రోగుల్ని ఒక్కొక్కళ్ళనే మళ్ళీ చూసి, ఆగగలిగిన వాళ్ళందరినీ చలికాలానికి రమ్మని పంపేశారు. ఆగలేనివాళ్ళు కొందరు మిగిలారు. వాళ్ళలో పాంగి బుద్రి ఒకతె.

బుద్రికి ఒక కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. మిగిలిన కంట్లో శుక్లం ముదిరి పాలలా తెల్లబడిపోయింది. కంట్లో ఒత్తిడి పెరుగుతోంది, నొప్పి మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆపరేషను చేసినా చూపు రాదన్నారు మూర్తి గారు. చేస్తే కళ్ళకలక గండం, చేయకపోతే కన్నే గండం. ఉన్నది ఒక్క కన్ను.

నేను ఆమెకి ఇదంతా విడమరిచి చెప్పాను. ఆమె విని, తన సంగతి తను చెప్పింది. ఆమె బాధ కంటి గురించి కాదు, కోళ్ళ గురించి. చూపు తగ్గినప్పటి నుంచి పెరట్లో కోళ్ళు తగ్గిపోతున్నాయట. కోడలు జమున కోసుకు తినేస్తోందని ఆమె అనుమానం. ఆ జమునే తోడు వచ్చింది, పక్కనే కూర్చుని అన్నీ వింటోంది. "నా కోళ్ళు ఏటవుతన్నాయో నా కంటితో నాను సూడాల. అందుకే ఒచ్చేను" అంది బుద్రి. జమున అత్త కాళ్ళ మీద దుప్పటి సర్ది గోడవైపు తిరిగి కూర్చుంది.

సరే, చేద్దామన్నారు మూర్తి గారు. వార్డు కాపాడే పని నాకు అప్పగించారు. నేను కొన్ని కట్టుబాట్లు పెట్టాను. కళ్ళు ఎర్రబడ్డవాళ్ళకి హాస్టలుకి దూరంగా ఒక రేకుల షెడ్డు వేయించాను, దానికి ఎర్ర షెడ్డు అని పేరు పడింది. అక్కడ చూసే రమణ మా ఆప్తాల్మిక్ అసిస్టెంటు, అంటే కంటి పరీక్షలు చేసే ఉద్యోగి. అక్కడ పనిచేసినన్నాళ్ళు అతను వార్డు ముఖం చూడకూడదన్నాను. అతను నాతో మాట్లాడటం మానేశాడు. మా నర్సు పిల్లలు ఇద్దరు ఒకే కాటుక డబ్బీ వాడుతుంటే డబ్బీ పట్టుకెళ్ళి బావిలో పారేశాను. వాళ్ళూ మాట్లాడటం మానేశారు. ఎవరి తువ్వాలు వారిదే. ఒక రోగి నుంచి ఇంకో రోగి దగ్గరికి వెళ్ళే ముందు సబ్బుతో మోచేతిదాకా కడుక్కోవాలి, మూర్తి గారైనా సరే. మా పాస్టరు బాబాయి ఒకరోజు వార్డుకి ప్రార్థన చేయడానికి వస్తే ఆయన చేతులు కూడా కడిగించాను. ప్రార్థన మంచిదే బాబాయీ, సబ్బు కూడా మంచిదే అన్నాను.

మందు సీసాలతో ఒక చిక్కు వచ్చింది. ఎవరి సీసా వారికే ఉండాలి, మరి పేర్లు రాస్తే చదివేవాళ్ళెవరు? అందుకని ఎవరికి వాళ్ళు గుర్తు కట్టుకోమన్నాను. ఒకామె పూస కట్టింది, ఒకాయన బీడీకట్ట దారం కట్టాడు. బుద్రి కోడి ఈక కట్టించింది. ఆ ఈక కట్టింది జమునే. కట్టేటప్పుడు ఆ పిల్ల ముఖం చూడాలి.

ఇక అసలైన కట్టుబాటు గుమ్మం దగ్గర. వార్డులోకి వచ్చే ప్రతి మనిషీ నల్లద్దాలు తీసి కళ్ళు చూపించాలి. తెల్లగా ఉంటే లోపలికి, ఎర్రగా ఉంటే షెడ్డుకి. దీనికి మాతోపాటు క్యాంపుకి వచ్చిన అప్పలస్వామిని పెట్టాను. అక్కడే దెబ్బతిన్నాం. అప్పలస్వామికి పంచె కట్టుకున్నవాణ్ణి ఆపడం వచ్చు, ప్యాంటు వేసుకున్నవాడికి సలాం కొట్టడం వచ్చు. అతని సర్వీసంతా అదే. గోచీ పెట్టుకుని వచ్చిన ముసలివాణ్ణి నిలబెట్టి రెండు రెప్పలూ తిప్పి తిప్పి చూసేవాడు. కామేశ్వరరావు గారి స్నేహితులు నల్లద్దాలతో వస్తే మాత్రం తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకునేవాడు. వాళ్ళలో ఒకాయనకి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయని ఆయన వెళ్ళిపోయాక తెలిసింది. మంచాలన్నీ మళ్ళీ లైజాలు మందుతో తుడవాల్సి వచ్చింది. అప్పలస్వామిని కేకలేస్తే, పెద్దోళ్ళని అద్దాలు తియ్యమని ఎలాగంటాం సిస్టరుగారూ అన్నాడు. కోపం వచ్చింది కానీ అతను అన్నది నిజమే. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అతనికి ఆ మాట ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ అరకు సంగతి ఒకటి చెప్పాలి. చైత్రమాసంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని వచ్చేపోయే బళ్ళన్నిటినీ ఆపుతారు. ఏదో ఒకటి చేతిలో పెడితేగానీ కర్ర లేవదు. దాన్ని పజోరు అంటారు. లారీ అయినా, ఆఫీసరు జీపయినా ఆగాల్సిందే. ఆగినవాళ్ళు నవ్వాల్సిందే. కోప్పడితే నెత్తి మీద బురదనీళ్ళు. ఆ ఒక్క పండగలో, ఆ ఒక్క కర్ర దగ్గర, హోదా అనేది పనిచేయదు.

అప్పలస్వామిని నేను తిట్టడం జమున విన్నది. ఆ సాయంత్రం తోడు వచ్చిన ఆడవాళ్ళు నలుగురూ గుసగుసలాడుకున్నారు. పొద్దుటికి వార్డు గుమ్మానికి అడ్డంగా వెదురు కర్ర ఉంది, రెండు పక్కలా ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. పండగ కాని రోజుల్లో కర్ర పెట్టవచ్చా అని ఒక ముసలమ్మ అనుమానం తెచ్చింది. మంచం మీద నుంచి బుద్రి తీర్పు చెప్పింది. ఊళ్ళోకి జబ్బు వస్తే దారి కట్టుకోమా, ఇదీ అంతే అంది. దాంతో వాదన ముగిసింది.

నేను కర్రని అడ్డుకోలేదు. నిజం చెప్పాలంటే సంబరపడిపోయాను. ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర నవ్వులే నవ్వులు. అద్దాలు తియ్యి, కళ్ళు చూపించు, చెయ్యి కడుగు, కర్ర లేస్తుంది. కామేశ్వరరావు గారి స్నేహితులు కూడా పండగ మాట వినగానే ఇకిలిస్తూ అద్దాలు తీశారు. అప్పలస్వామి దూరంగా నిలబడి ఇదేదో తన ఉద్యోగానికి ఎసరు పెట్టేలా ఉందన్నట్టు చూశాడు. మూర్తి గారు ఆపరేషన్లు మొదలుపెట్టారు. బుద్రిది మొదటి రోజే, మొదటిదే చేశారు. శుక్లం సాఫీగా వచ్చేసింది. కంటికి కట్టు కట్టి, తల కదపొద్దని చెప్పి పడుకోబెట్టాం.

మా క్యాంపుల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఆపరేషనైన మర్నాడు పొద్దున్న ముఖ్య అతిథి వస్తాడు. మొదటి రోగి కట్టు తన చేత్తో విప్పుతాడు. రెండు వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతాడు. రోగి రెండు అంటుంది. ఆయన నల్లకళ్ళద్దాలు తన చేత్తోనే ఆమెకి పెడతాడు. ఫోటో తీస్తారు. ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలియదు గానీ, వాళ్ళకి కంటి గురించి ఏమీ తెలియదని మాత్రం చెప్పగలను. కామేశ్వరరావు గారు ఫోటోకి బుద్రిని ఎంచుకున్నారు. ఒంటికన్ను అమ్మయితే పేపర్లో బాగుంటుందని ఆయన లెక్క.

ఆ పొద్దున్న ఆయన ముందే వచ్చి, కర్ర ఇంకా అక్కడే ఉండటం చూసి మండిపడ్డారు. చైర్మన్ గారు వస్తుంటే గుమ్మానికి అడ్డుకర్ర ఏమిటి, ఇది ఆస్పత్రా చెక్‌పోస్టా అన్నారు. కర్ర తన చేత్తోనే తీసి గోడకి ఆనించి, అప్పలస్వామిని పిలిచి గుమ్మంలో నిలబెట్టారు. నేను మూర్తి గారి వైపు చూశాను. ఆయన నన్ను పక్కకి పిలిచి, సిస్టర్, ఈ ఒక్క అరగంటకి ఊరుకోండి, ఆయన చేతులు మనం కడిగిద్దాం అన్నారు. అరగంట కాదు సార్, కన్ను పోవడానికి అర నిమిషం చాలు అన్నాను. ఆయన నేలవైపు చూశారు. మా ఉద్యోగాల్లో సర్జను ఊరుకోమంటే హెడ్ నర్సు ఊరుకోవాలి. నా ఒళ్ళు మండిపోయింది.

నేను వెళ్ళి జమునతో ఒక్క మాట చెప్పాను. మీ అత్త కట్టు విప్పేది ఆయనే, ఆయన కళ్ళు ఇంకా ఎవరూ చూడలేదు అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

జీపు వచ్చింది. చైర్మన్ గారు దిగారు. తెల్లబట్టలు, మెడలో పూలదండ, పెద్ద నల్లద్దాలు. వెనక ఫోటోగ్రాఫరు. ఆయన జేబురుమాలు తీసి అద్దాల కింద నుంచి ఒకసారి తుడుచుకున్నారు. నాలుగడుగులు వేసి మళ్ళీ తుడుచుకున్నారు. అదే రుమాలు మడిచి చేతిలోనే పట్టుకున్నారు. కంటి వార్డులో పనిచేసినవాళ్ళకి ఆ తుడుచుకోవడం చూస్తే చాలు, ఇక అద్దాలు తీయక్కర్లేదు. ఇక జరగబోయేది నాకు కళ్ళకి కట్టింది. ఆయన ఆ చేతులతో నేరుగా బుద్రి మంచం దగ్గరికి నడిచిపోతాడు, అప్పలస్వామి సలాం కొడతాడు, మూర్తి గారు నేల చూస్తారు.

అప్పలస్వామి సలాం కొట్టాడు. కానీ చైర్మన్ గారి పాదం మెట్టు మీద పడేసరికి గుమ్మానికి అడ్డంగా కర్ర ఉంది. ఒక కొస జమున పట్టుకుంది, ఇంకో కొస ముసలమ్మ పట్టుకుంది. మిగతా ఆడవాళ్ళు పండగ పాట అందుకున్నారు. కామేశ్వరరావు గారు కయ్యిమన్నారు. చైర్మన్ గారు మాత్రం ఆగి, ఫోటోగ్రాఫరు ఎక్కడున్నాడో చూసుకుని, పెద్దగా నవ్వారు. ప్రతి చైత్రంలోనూ ఆయన ఈ కర్ర దగ్గర ఆగి ఫోటో తీయించుకునే మనిషే. ఇటుకల పండగ ముందే వచ్చేసిందే అంటూ జేబులోంచి నోటు తీసి చాచారు.

"డబ్బులొద్దు బాబూ. అద్దాలు తియ్యి" అంది జమున.

ఆయన ఇంకా నవ్వుతూనే ఇంకో నోటు తీశారు. జమున ఆ నోట్ల వైపు చూడలేదు. "డబ్బులు మాకేల? కళ్ళు సూపించీసి ఎల్లు" అంది. పాట ఆగిపోయింది. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. పజోరు దగ్గర కోప్పడకూడదు, అది అందరికీ తెలుసు, ఆయనకి అందరికంటే బాగా తెలుసు. నవ్వు ముఖాన అలాగే ఉంచుకుని అద్దాలు తీశారు.

రెండు కళ్ళూ ఎర్రగా మండిపోతున్నాయి. ఎడమ రెప్ప ఉబ్బి ఉంది. మూలల్లో పచ్చగా ఊసి కట్టింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఓలమ్మా అన్నారు. జమున కర్ర ఎత్తలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నవాళ్ళు ఆ షెడ్డుకి వెళ్ళాలని గడ్డంతో చూపించింది, రోజూ అందరికీ చూపించినట్టే.

ఘాట్ రోడ్డు దుమ్ము పడిందమ్మా అన్నారు చైర్మన్ గారు. వానల్లో ఘాట్ రోడ్డు మీద దుమ్మేమిటో ఎవరూ అడగలేదు. కామేశ్వరరావు గారు కర్ర లాగబోయారు. అప్పుడు నా వెనక నుంచి మూర్తి గారి గొంతు వచ్చింది. ఆ గొంతు అంత పైకి రావడం నేను అంతకుముందు వినలేదు. "సార్, అది కళ్ళకలక. మీరు లోపలికి రాకూడదు. లోపల ఉన్నావిడకి అదొక్కటే కన్ను" అన్నారు.

ఆ తరువాత చైర్మన్ గారు నవ్వలేదు. మేమెవరిమో, మమ్మల్ని ఇక్కడికి పంపిందెవరో, మళ్ళీ పంపబోయేది ఎక్కడికో చాలాసేపు చెప్పారు. ఆ కోపంలోనూ కళ్ళు తుడుచుకోవడం ఆపలేదు. చివరికి మంటకి తాళలేక తానే ఎర్ర షెడ్డు వైపు నడిచారు. అక్కడ బెంచీ మీద కళ్ళు ఎర్రబడ్డ బడిపిల్లల వరసలో ఆయన్ని కూర్చోబెట్టి, రమణ చేతులు కడుక్కుని, ముందున్న పిల్లలకి వేసి, ఆయన వంతు వచ్చాక మందు వేశాడు. ఫోటోగ్రాఫరు అదొక్కటీ తీయలేదు. ఉపన్యాసం మాత్రం జీపు మెట్టు మీద నిలబడి మైకులో ఇచ్చారు. గిరిజనుల కళ్ళల్లో వెలుగు నింపడం గురించి.

మేం లోపలికి వెళ్ళాం. మూర్తి గారు చేతులు కడుక్కుని బుద్రి కట్టు విప్పారు. కన్ను తెల్లగా, శుభ్రంగా ఉంది. వేళ్ళు చూపిస్తే సరిగ్గా చెప్పింది. తరువాత నా వైపు చాలాసేపు చూసి, గొంతు విని ఎర్రగా బుర్రగా ఉంటావనుకున్నాను, నువ్వింత నల్లగా ఉన్నావేమిటి సిస్టరమ్మా అంది. వార్డంతా నవ్వింది, నేనూ నవ్వాను. అప్పుడు జమున కర్ర ఇంకెవరికో ఇచ్చి వచ్చి మంచం పక్కన నిలబడింది. బుద్రి కోడల్ని పైనుంచి కిందకి చూసింది. ఎన్నేళ్ళయిందో సరిగ్గా చూసి.

"ఓసే, ఇంతలా సిక్కిపోయేవేటే?" అంది. "నా కోళ్ళు తిన్నదానివి ఇలాగుంటావేటి" అని తనలో తను అనుకున్నట్టు అంది. జమున కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. కోళ్ళని పట్టుకుపోతున్నది పక్కపెరటి కుక్క అని తరువాత పరీక్షకి వచ్చినప్పుడు బుద్రే చెప్పింది. స్వయంగా చూసిందట.

ఆ క్యాంపులో ఒక్క కన్ను కూడా చెడలేదు. మా వాళ్ళలో ఎవరికీ కళ్ళకలక రాలేదు, రమణకి కూడా. నాకు మాత్రం ముఖ్య అతిథి పట్ల అమర్యాదగా ప్రవర్తించినందుకు సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. మూర్తి గారు కింద తన సంతకం కూడా పెట్టారు. దాని మీద మళ్ళీ ఎవరూ ఏమీ అడగలేదు.

కథ అక్కడితో అయిపోయిందనుకుని నవ్వుకుంటూ విశాఖపట్నం తిరిగివచ్చాను. వచ్చిన వారంలోనే మా వార్డులో ఒక ముసలాయన చేరాడు. కొండ కింద ఊళ్ళో ఇంకెవరో పెట్టిన క్యాంపులో శుక్లం తీయించుకున్నాడు. ఆపరేషనైన కన్ను చీముతో నిండిపోయింది. మూర్తి గారు టార్చి వేసి చూశారు. అలాంటి కేసులో కట్టు విప్పాక కన్నుని ఎవరెవరు ముట్టుకున్నారో అడిగి రాసుకోవాలి. నేను అడిగాను. ముసలాయన అంత నొప్పిలోనూ లేచి కూర్చున్నాడు.

"నా కట్టు ఇప్పింది సైర్మన్ గారే, తల్లీ. ఆ మరసనాడు అరకు ఎల్తానని బేగి బేగి ఒచ్చేరు. కన్ను తడిగుందని ఆరి జేబురుమాలుతోనే తుడిసేరు. మా ఊర్లో ఇంకెవలికీ ఆ బాగ్గెం నేదు."

మూర్తి గారు టార్చి ఆర్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు కడుక్కున్నారు. చీముకి కారణం ఆ రుమాలే అని నేను కోర్టులో నిరూపించలేను. కన్ను చెడిపోవడానికి వంద దారులున్నాయి, మా వృత్తిలో ఎవరూ ఇదే అని ఒట్టుపెట్టి చెప్పరు. ఆ కన్ను దక్కలేదు. ఆయన డిశ్చార్జి అయ్యేదాకా చైర్మన్ గారి మంచితనం గురించి పక్క మంచాలవాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది, ఆయన్ని ఏమీ అనలేక బయటికి వచ్చేసేదాన్ని. ఆ గుమ్మం దగ్గర జమునలాంటి మనిషి ఒక్కతె లేకపోయిందే అనిపించేది.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు నేను నర్సింగు పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. మా ఆస్పత్రిలో అందరికీ మాస్కు తప్పనిసరి చేశారు. తనిఖీకి వచ్చిన ఒక పెద్ద అధికారికి తప్ప. ఆయన దగ్గుతూ వార్డంతా తిరుగుతుంటే ఎవరికీ నోరు పెగల్లేదు. నేను వెళ్ళి మాస్కు ఆయన చేతిలో పెట్టి, పెట్టుకునేదాకా గుమ్మంలో నిలబడ్డాను. రెండో మెమో రావలసింది, ఎందుకో రాలేదు.

రిటైరయ్యేదాకా నేను పనిచేసిన ప్రతి వార్డు గుమ్మం పక్కనా ఒక వెదురు కర్ర ఉండేది. సూపరింటెండెంటు గారినీ ఆపాను, క్రిస్మస్ కేకు పట్టుకొచ్చిన పాస్టరు బాబాయినీ ఆపాను. నా ఉద్యోగంలో అంటురోగాల గురించి నేను నేర్చుకున్నది ఇంతే. ఎవరిని అద్దాలు తీయమని అడగలేమో, రోగం వాళ్ళ వెంటే లోపలికి వస్తుంది. అందుకని అడగడం వాళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి.